పెంపకం వదినది, పెత్తనం మరిదిది

తాటిమెరక సంస్థానం ఎక్కడుందని మాత్రం అడక్కండి. వరద వచ్చినప్పుడల్లా గోదారి ఒడ్డులే అటూ ఇటూ జరుగుతుంటే, ఓ సంస్థానం ఉన్నచోటే ఎలా ఉంటుంది. ఉన్నన్నాళ్లూ దర్జాగా ఉంది, అంతవరకు ఖాయం.

ఆ సంస్థానంలో ఏ పనికైనా ఇద్దరుండాలి. రాజావారి గొడుగు మోసేవాడు ఒకడు, విప్పేవాడు ఇంకొకడు. ఓ శ్రావణమాసంలో విప్పేవాడు అత్తారింటికి వెళ్లాడు. రాజావారు మూసిన గొడుగు పక్కనే నడుస్తూ ఊరేగింపంతా తడిశారు. మోసేవాడు తన హద్దు దాటి గొడుగు విప్పనందుకు వాడికి శాలువా ఇచ్చారు. ఆ శాలువా కూడా ఒకడు మడత విప్పితే ఒకడు కప్పాడు. దివాన్ కోదండపాణిగారి తలకి నూనె పోసే మనిషి వేరు, రుద్దే మనిషి వేరు. వాళ్లిద్దరికీ చేలగట్టు దగ్గర తగువొచ్చి మాటల్లేవు. అందుకని దివాన్‌గారు ఏళ్ల తరబడి తలంటన్నది లేకుండానే రాజ్యం చక్కబెడుతున్నారు.

అలాంటి సంస్థానం కన్ను గువ్వలంకలో ఉండే మాణిక్యమ్మ కూతురి మీద పడింది.

గువ్వలంక అంటే నాలుగు వైపులా గోదారి, మధ్యలో కొబ్బరిచెట్లు. మాణిక్యమ్మ ఆ ఇంటికి కొత్తకోడలుగా వచ్చేసరికే అత్తగారు లేరు. మొలతాడు తప్ప ఇంకేమీ కట్టుకోని మరిది ఒకడు అరుగు మీద కూర్చుని ఏడుస్తున్నాడు. కాళ్ల పారాణి ఆరకముందే ఆమె వాడిని చంకనెత్తుకుంది. వాడే గవరయ్య. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి. కొబ్బరికాయల దింపు దగ్గర నిలబడి పెద్దమనిషిలా కేకలేస్తాడు. కానీ పండగ పూట వదిన నూనె గిన్నె పట్టుకుని పిలిస్తే, ఇప్పటికీ పీట మీద కూర్చుని కళ్లు గట్టిగా మూసుకుంటాడు.

మాణిక్యమ్మ భర్త పేరయ్య ఓ వానాకాలం విషజ్వరమొచ్చి పోయాడు. మిగిలింది కొబ్బరితోట, ఆరేళ్ల కూతురు నూకాలు, ఈ మరిది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని బతుకుతుండగా, ఓ పొద్దున శిరస్తాదారు విస్సప్ప పంతులుగారు పడవ దిగారు. ఆయన వెనక బంట్రోతు పోలయ్య, నెత్తి మీద కుర్చీతో.

"కుర్చీ దించవయ్యా, పంతులుగారు కూర్చుంటారు" అంది మాణిక్యమ్మ.

"నాది మోసే ఉద్యోగవండి" అన్నాడు పోలయ్య. "దించేవోడికి పడవ పడదు. రేవు కాడే కక్కేసుకుని ఉండిపోయాడు."

పంతులుగారు నిలబడే గొంతు సవరించుకున్నారు.

"తండ్రి గతించిన మైనర్లందరికిని నేటినుండి రెండు దిక్కులు ఏర్పాటు చేయడమైనది. ఒకటి పెంపకము. రెండు పెత్తనము. సదరు మైనరు శరీరము తల్లి పెంపకమందు ఉండును. సదరు మైనరు విషయమై నిర్ణయములన్నియు పినతండ్రి గవరయ్య పెత్తనమందు ఉండును. ఇకపై అతడు గార్డియను అనబడును."

"పిల్ల నా దగ్గరే ఉంటాది గదండీ?" అంది మాణిక్యమ్మ. ఆమెకి కావలసింది అదొక్కటే.

"శరీరము ఉండును."

"మిగతాదండీ?"

"మిగతాది గార్డియను వద్ద ఉండును."

మాణిక్యమ్మ నూకాలు వైపు చూసింది. నూకాలు అరుగు మీద కూర్చుని మామిడి టెంక చీకుతోంది. ఎంత చూసినా మిగతాది ఎక్కడుందో ఆమెకి కనిపించలేదు.

"ఇంత కట్టం ఎందుకొచ్చిందండీ ఇప్పుడు?"

పంతులుగారు ఓపిగ్గా చెప్పారు. "పూర్వము దొరల దేశములో బిడ్డల మీద సర్వహక్కులు తండ్రివే. తల్లికి గౌరవము మాత్రము ఇచ్చెడివారు."

"గౌరవం పెట్టుకుని ఏం చేసుకునేవోరండీ?"

"అదే మాట అక్కడి తల్లులు కూడా అడిగిరట. అడుగగా అడుగగా, పసితనము తీరువరకు శరీరము ఉంచుకొనవచ్చునన్నారు. రాజావారు ఆ పుస్తకము తెప్పించి చదివించుకుని, ఒకటి చేయవలసిన చోట రెండు చేయుట మన ఆచారమునకు దగ్గరగా ఉన్నదని ముచ్చటపడినారు."

"పసితనం ఎప్పుడు తీరద్దండీ?"

"ఏడేళ్లు నిండగానే. పిమ్మట శరీరము కూడా గార్డియనుకు అప్పగించబడును. గార్డియను దానిని రేవు దాటించి, కోటలోని మైనర్ల బంగళాలో ఉంచును."

నూకాలు పుట్టింది దీపావళి పండగలో, నరకచతుర్దశి నాడు. వచ్చే దీపావళికి ఏడు నిండుతాయి. మాణిక్యమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది.

గవరయ్యకి మాత్రం ఇదేమీ చెవినెక్కలేదు. వాడికి పంతులుగారు కుచ్చు తలపాగా పెట్టారు. అలాంటిది వాళ్ల వంశంలో ఎవరూ పెట్టుకోలేదు. వాడు నీళ్ల గాబులో మొహం చూసుకుని వచ్చి, వదిన ఎదురుగా నిలబడి తలపాగా కుచ్చు మెలిపెట్టాడు.

"ఒదినా, ఇది పెట్టుకున్నాక నీతో ఎలా మాట్లాడాలో ఆళ్లు చెప్పలేదు."

"ఆకలేస్తే చెప్పు. మిగతాది తర్వాత చూద్దాం" అంది మాణిక్యమ్మ.

పెంపకం ఎక్కడ ఆగుతుందో, పెత్తనం ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడానికి పోలయ్యని లంకలోనే కాపలా ఉంచి పంతులుగారు వెళ్లిపోయారు. దించేవాడు రాలేదు కాబట్టి కుర్చీ పోలయ్య నెత్తి మీదే ఉండిపోయింది. రాత్రిళ్లు కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడే నిద్రపోయేవాడు. కొన్నాళ్లకి ఆ కుర్చీలో ఓ గోరింక గూడు పెట్టింది. కాపలా ఉద్యోగం కాబట్టి పోలయ్య దాన్ని కూడా కాపలా కాశాడు.

మొదటి తగువు పేలతో వచ్చింది.

ఓ మధ్యాహ్నం మాణిక్యమ్మ కూతురిని ముందు కూర్చోబెట్టుకుని తల చూస్తోంది. ఓ పేను దొరికింది. గోటి మీద పెట్టేసరికి పోలయ్య పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, సంపకండి."

"పేనయ్యా ఇది."

"అదేనండి. తల పెంపకం కిందకొత్తాది. పేను తల కాదు గదండీ. మైనరుగారి నెత్తురు తాగి పెరిగింది. అంటే మైనరుగారి ఆస్తి. ఆస్తి పెత్తనం కిందకొత్తాదండి."

తోటలో ఉన్న గవరయ్యని పిలిచారు. వాడు తలపాగా వెతుక్కుని పెట్టుకొచ్చి, "చంపెయ్ ఒదినా" అన్నాడు.

"నోటిమాట సెల్లదండి. కోటకి రాయాల" అన్నాడు పోలయ్య.

రాశారు. సదరు పేను మైనరు ఆస్తియా, లేక మైనరు తలను ఆక్రమించుకొన్న అక్రమ నివాసియా, తేల్చి నివేదించవలెనని కోట నుంచి జవాబొచ్చింది. తేల్చేలోపు పేలు పిల్లాపాపలతో స్థిరపడ్డాయి. నూకాలు రెండు చేతులతో గోక్కుంటోంది. చివరికి అక్రమ నివాసులేనని తేలింది. తల ఖాళీ చేయడానికి వాటికి గడువిస్తూ ఉత్తర్వు వచ్చింది. పోలయ్య దాన్ని పిల్ల నెత్తి దగ్గర నోరుపెట్టి, పేలన్నిటికీ వినబడేలా, గట్టిగా చదివాడు. పేలు ఖాళీ చేయలేదు సరికదా, ఉత్తర్వు చదివేటప్పుడు దగ్గరగా వంగాడు కాబట్టి కొన్ని పోలయ్య తలకి కూడా కాపురమెళ్లాయి.

మాణిక్యమ్మ ఇంక ఊరుకోలేదు. నువ్వుల నూనెలో వేపనూనె కలిపి, గోరువెచ్చగా కాచి, కూతురికి తలంటు పోసింది. మర్నాటికి పేలు లేవు.

ఆ సంగతి తెలిసి పంతులుగారు పడవ దిగారు.

"ఏ అధికారముతో తలంటితివి?"

"తలంటడానికి అధికారం ఎందుకండీ. నూనె ఉంటే చాలు గదా."

"తలంటు పెంపకమునకు చెందునా, పెత్తనమునకు చెందునా? అసలు పెంపకమనగా ఏమి? అన్నము పెట్టుటయా?"

"అన్నం లంకలో అందరూ పెడతారండి. ఇది ఏ ఇంట్లో చేపల పులుసు వాసనొస్తే ఆ ఇంట్లో తింటాది."

"నిద్రపుచ్చుటయా?"

"పక్కింటి అప్పలనరసమ్మ పిన్ని కతలు చెబుతాదని అక్కడే పడుకుంటాదండి, చాలాసార్లు."

"ఎత్తుకొని తిప్పుటయా?"

"అది వాళ్ల బాబాయి భుజం దిగితేగా."

పంతులుగారి మొహం వాడిపోయింది. అంత పెద్ద శాఖ పెట్టాక పెంపకం ఎక్కడుందో దొరక్కపోతే కోటలో తల ఎత్తుకోలేరు. మాణిక్యమ్మకి జాలేసింది.

"తలంటు మాత్రం నాకేనండి" అంది. "నూనె గిన్నె ఇంకెవరు పట్టుకున్నా రేవు దాకా పారిపోద్ది."

పంతులుగారి కళ్లు మెరిశాయి. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పారు. "తలంటు చెయ్యి ఎవరిదో పెంపకము వారిది. ఒకసారి తలంటిన చెయ్యి తానుగా ఇంకొకరికి అప్పగించువరకు ఆ పెంపకము విడిపోదు. పెంపకమందున్న శరీరము, పెంచువారి అనుమతి లేనిదే రేవు దాటరాదు. ఏడు నిండిన మైనరు అప్పగింతకు మాత్రము ఇది అడ్డురాదు."

"ఎవరి తలకైనా ఇదే లెక్కాండీ?" అంది మాణిక్యమ్మ.

"పిచ్చిదానా, చట్టము ఒక్క తల కొరకు పుట్టదు. తల ఎవరిదైనను ఇదే విధి. ముసలివాడైనను, మహారాజైనను." ఆ ముక్క తనకే బాగా నచ్చి, దాన్ని కూడా ఉత్తర్వులో చేర్పించారు.

తర్వాత నూకాలుకి ముందుపన్ను ఊగింది. నోట్లో ఉన్నంతసేపూ పన్ను శరీరం, తల్లిది. ఊడి చేతికొస్తే ఆస్తి, గార్డియనుది. ఊగుతున్నప్పుడు ఎవరిది? పంతులుగారు మళ్లీ వచ్చారు. ఊగుతున్న పన్ను ఉభయ శాఖలకు ఉమ్మడి అని తేల్చి, తల్లి దవడ పట్టుకోవాలని, అదే క్షణంలో గార్డియను పన్ను పట్టుకోవాలని నిర్ణయించారు. మాణిక్యమ్మ దవడ పట్టుకుంది. గవరయ్య తలపాగా సర్దుకుని వేళ్లు నోట్లో పెట్టాడు. నూకాలు కొరికింది. పన్ను వచ్చి గవరయ్య వేలికి గుచ్చుకుంది.

"చూడండి పంతులుగారూ, ఎలా కొరికిందో" అన్నాడు గవరయ్య వేలు పట్టుకుని గెంతుతూ.

పంతులుగారు ఆ పన్నునీ, ఆ వేలినీ మార్చి మార్చి చూశారు. "కొరుకుట నోటి పని. కొరుకవలెననుకొనుట నిర్ణయము. మైనరు విషయమై నిర్ణయములన్నియు గార్డియనువే. కావున నీ వేలిని నీవే కొరికించుకొంటివి. ఇట్టి అవివేకము మరల జరుగరాదు."

"బాబాయ్, ఇంకోసారి కొరికించుకుంటావా?" అంది నూకాలు, నోట్లో కొత్త సందులోంచి గాలి వదులుతూ.

గవరయ్యకి పెత్తనం బొత్తిగా చాతకావడం లేదని నివేదిక వెళ్లింది. నేర్చుకోమని వాడిని కోటకి పిలిపించారు. అక్కడ వాడికి నెమ్మదిగా తలాడించడం, "ఆలోచింతము" అనడం, అని మళ్లీ ఆ సంగతి ఎత్తకపోవడం నేర్పుతున్నారు. సరిగ్గా అప్పుడే లంకలో వాన పట్టుకుంది. నూకాలుకి ఒళ్లు కాలిపోయే జ్వరం తగిలింది.

మందు వేయడం నిర్ణయం. నిర్ణయం గోదారికి అవతల ఉంది. ఒళ్లో పిల్ల జ్వరంతో పేలిపోతోంది. పేరయ్యని తీసుకుపోయింది కూడా ఇలాంటి వాన రోజుల జ్వరమే. పోలయ్య గుమ్మంలో నిలబడి, కుర్చీ మీంచి నీళ్లు కారుతుండగా, తనలో తను ఏడుస్తున్నాడు.

"మందెయ్యొద్దని సెప్పడానికి నాకు నోరు రావట్లేదమ్మా. సెప్పాపోతే ఉజ్జోగం పోద్ది."

మాణిక్యమ్మ పిల్లని చాప మీద పడుకోబెట్టింది. పొయ్యి మీద చింతపండు పులుసు పెట్టి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసింది.

"ఇది మందాండీ?" అన్నాడు పోలయ్య అనుమానంగా.

"చారు."

"మిరియాలు గట్టిగా దంచారండి."

"నీకు జొరమొస్తే మీ అమ్మ మిరియాల చారు పెట్టేది కాదా?"

"పెట్టేదండి."

"వైద్యం చేసిందా, అన్నం పెట్టిందా?"

పోలయ్య కుర్చీతో సహా తలొంచుకుని ఆలోచించాడు. వాళ్లమ్మ గుర్తొచ్చింది కాబోలు, ముక్కు ఎగబీల్చాడు. "అన్నవేనండి."

"మరి అడ్డం తప్పుకో."

మెత్తగా పిసికిన చారన్నం కూతురికి ముద్దముద్దగా పెట్టింది. వానలో తడిసి వణుకుతున్నాడని పోలయ్య నోట్లో కూడా రెండు ముద్దలు పెట్టింది. వాడి చేతులు కుర్చీకి అంకితం కదా.

తెల్లారేసరికి పిల్లకి చెమటలు పట్టాయి. అప్పుడొచ్చాడు గవరయ్య, రేవులో పడవ ఇంకా ఆగకుండానే దూకి. తలపాగా రంగు దిగి మొహమంతా చారలు.

"ఒదినా, ఎలాగుంది?"

"తగ్గింది. నువ్వు ముందు తల తుడుచుకో."

వాడు గుమ్మంలో కూలబడ్డాడు. "కబురు తెలిసి సాయంత్రం నుంచీ ఆళ్ల కాళ్లు పట్టుకున్నాను. జొరం తగ్గించడానికి అనుమతి కావాలంటే, జొరం ఎక్కడానికి అనుమతి ఎవరిచ్చారని అడిగారు. నాకీ పెత్తనం వద్దొదినా."

"వద్దని చెప్పు మరి."

"చెప్పాను. వదులుకోవడం కూడా నిర్ణయమేనంట. నిర్ణయాలన్నీ మైనరు మేలు కోసమే చెయ్యాలంట, నా మేలు కోసం చెయ్యకూడదంట." వాడు నూకాలు పాదం పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. "దీపావళికి తెల్లారకుండానే పంతులుగారు పడవేసుకొస్తున్నారు. దీన్ని తీసుకెళ్లిపోతారు. నేను ఆ బంగళా చూశానొదినా. పిల్లల్ని పడుకోబెట్టేవోడు ఒకడు, దుప్పటి కప్పేవోడు ఒకడు. కప్పేవోడి ఉద్యోగం శానాళ్లుగా ఖాళీగా ఉందంట."

నూకాలు నిద్రలో కాళ్లతో దుప్పటి తన్నేసుకుంది. మాణిక్యమ్మ మళ్లీ కప్పింది. పిల్ల మళ్లీ తన్నింది. మళ్లీ కప్పింది.

"ఒరే గవరా, పంతులుగారు పండగ పూట తెల్లారకుండా బయల్దేరితే, ఆయన తలంటు ఎప్పుడు పోసుకుంటారు?"

"ఇంకెక్కడి తలంటు. పడవెక్కే తొందర గదా."

"అయితే ఈసారి నూనె కాస్త ఎక్కువ కాయాలి" అంది మాణిక్యమ్మ.

నరకచతుర్దశి పొద్దున ఇంకా కాకులు లేవలేదు. పెరట్లో కాగు కింద మంట, పీటలు వేసి ఉన్నాయి. సున్నిపిండి వాసన, కుంకుడు పులుసు వాసన. భర్త పోయిన దగ్గర్నుంచి హారతి పట్టడానికి అప్పలనరసమ్మ పిన్ని వస్తుంది, నూనె చెయ్యి మాత్రం మాణిక్యమ్మదే. పంతులుగారు చలికి మునగదీసుకుంటూ పెరట్లోకి వచ్చారు.

"సదరు మైనరును గార్డియనుకు అప్పగించెదవా?"

నూకాలు తల్లి చీర కుచ్చెళ్లు పట్టుకుంది.

"అప్పగిస్తానండి" అంది మాణిక్యమ్మ. "కానీ పండగ పూట, ఆ పుచ్చుకునేవోడు ఒళ్లు కడుక్కోకుండా పుచ్చుకుంటాడేంటండీ. ఒరే గవరా, వచ్చి కూర్చో."

గవరయ్య ఎప్పటిలాగే పీట మీద కూర్చుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆమె దోసెడు నూనె నడినెత్తిన పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. పంతులుగారు కాసేపు ఊరికే చూశారు. తర్వాత ఊరికే చూడలేకపోయారు.

"ఏమి చేయుచున్నావు?"

"తలంటుతున్నానండి."

"ఎవరికి?"

"మా మరిదికి."

"ఎన్నాళ్లనుండి?"

"నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీనండి. అప్పటికి వీడు మొలతాడుతో తిరుగుతున్నాడు."

పంతులుగారు ఓ అడుగు వెనక్కి వేశారు. "మధ్యలో ఎప్పుడైనను... ఇంకెవరికైనను అప్పగించితివా?"

"ఎవరికప్పగిస్తానండీ. పెళ్లి చేద్దామంటే వీడికింకా సంబంధమే కుదర్లేదు."

ఒక మాట చెప్పాలి. విస్సప్ప పంతులుగారు ఎన్ని తిప్పలు పెట్టినా, తన నోటితో చెప్పిన విధిని తప్పే మనిషి కాదు. ఆయన చేతులు కట్టుకుని, తన ఉత్తర్వు తనే, ఎవరో పెద్దవాళ్లు తనని మందలిస్తున్నట్టు, వల్లించారు.

"తలంటు చెయ్యి ఎవరిదో పెంపకము వారిది. తల ఎవరిదైనను. కావున గార్డియను నీ పెంపకమందున్నాడు, నీ అనుమతి లేనిదే రేవు దాటరాదు. మైనరు గార్డియను వద్దకు పోవలెను. గార్డియను నీ వద్ద ఉన్నాడు. కావున మైనరు నీ వద్దనుండి బయలుదేరి, గార్డియను మీదుగా, నీ వద్దకు చేరినది. అప్పగింత సక్రమముగా ముగిసినది."

"నన్ను కదిలించకండా ఎక్కడికి వెళ్లొచ్చానే అమ్మా?" అంది నూకాలు.

గవరయ్య కళ్లు తెరిచాడు. కంట్లో నూనె దిగి వెంటనే మూసుకున్నాడు. ఆ కన్నీళ్లు అందుకే కారాయో ఇంకెందుకైనా కారాయో వాడు చెప్పలేదు.

పంతులుగారు తలపాగా తీసి చెమట తుడుచుకున్నారు. అంత చలిలోనూ పట్టింది. "ఇది లోపము. ఘోరమైన లోపము. నేనిప్పుడే కోటకు పోయి దివాన్‌గారితో మనవిచేసి, ఆ ఉత్తర్వును సవరింపజేసి, మధ్యాహ్నమునకు మరల వచ్చెదను. అప్పుడు పిల్లను ఎవరును ఆపలేరు."

ఆయన తలపాగా ఇంకా చేతిలోనే ఉంది. బట్టతల తెల్లవారు వెలుతురుకి మెరుస్తోంది.

"అయ్యో, పండగ పూట తలకి చుక్క నూనె లేకుండా నా ఇంటి మెట్టు దిగుతారా బాబుగారూ" అంది మాణిక్యమ్మ, అరచేయి నిండా వెచ్చటి నూనె ఆ తల మీద పెట్టి.

ఆ చెయ్యి తీయించుకోవడానికి పంతులుగారు నోరు తెరిచారు. కానీ నూనె వెచ్చగా ఉంది. వేళ్లు కణతల దగ్గరికి వచ్చాయి. పంతులుగారు నోరు తెరిచినవారు తెరిచినట్టే మెల్లగా గవరయ్య పక్క పీట మీద కూర్చున్నారు. కాసేపటికి, కళ్లు మూసుకునే, చిన్నగా అడిగారు.

"అమ్మా, నేను రేవు దాటవచ్చునా?"

"పండగ వెళ్లాక చూద్దాం బాబూ."

"చిత్తము."

పోలయ్య ఈ తతంగమంతా కొబ్బరిచెట్టు కింద నిలబడి చూస్తున్నాడు. మాణిక్యమ్మ వాడిని కూడా పిలిచింది. "కుర్చీ దించి రా. నీ తలకీ పెట్టాలి."

"దించేవోడు..." అంటూ వాడు పంతులుగారి వంక చూశాడు.

"పెంచువారు చెప్పినట్లు చేయుము" అన్నారు పంతులుగారు, సున్నిపిండి మధ్యలోంచి.

పోలయ్య కుర్చీ దించాడు. దించగానే మనిషి అంత పొడుగు పెరిగినట్టు కనిపించాడు. గూట్లో పిల్లలు ఎప్పుడో ఎగిరిపోయాయి. గడ్డి దులిపి, నూకాలు ఆ కుర్చీ ఎక్కి కూర్చుంది.

పొద్దెక్కినా పంతులుగారు తిరిగి రాకపోయేసరికి దివాన్ కోదండపాణిగారే పెద్ద పడవేసుకుని బయల్దేరి వచ్చారు. పెరట్లోకి అడుగుపెట్టేసరికి శిరస్తాదారు, గార్డియను, బంట్రోతు వరసగా పీటల మీద కూర్చుని, ఒంటినిండా సున్నిపిండితో, పాలు తాగిన పిల్లల్లా తూగుతున్నారు. దివాన్‌గారు గట్టిగా గద్దించబోయారు. ఇంతలో గాలికి నూనె వాసన వచ్చింది. ఆయన గొంతు మారిపోయింది.

"ఏమమ్మా, ఇక్కడ నూనె పోయు చెయ్యి ఎవరిది?"

"నాదేనండి."

"రుద్దు చెయ్యి?"

"అదీ ఇదేనండి."

"రెండు పనులును ఒక్క చేతితోనా?"

"ఆయ్."

దివాన్‌గారు అటూ ఇటూ చూశారు. రాజ్యం గోదారికి అవతల ఉంది. ఆయన కుచ్చుల తలపాగా తీసి కొబ్బరిమట్టకి తగిలించారు. తల దువ్వెన తగలని పొదలా ఉంది. పోలయ్య జరిగి చోటిచ్చాడు. ఆ తల తడపడానికే గిన్నెడు నూనె పట్టింది.

ఆ ఉత్తర్వు సవరించాలంటే దివాన్‌గారు కోటకి వెళ్లాలి. వెళ్లాలంటే రేవు దాటాలి. దాటాలంటే మాణిక్యమ్మ అనుమతి కావాలి. ఆమె ఆ పెద్దమనుషులందరినీ అరిసెలు తినేదాకా కదలనివ్వలేదు. తిన్నాక ఏం జరిగిందంటారా, రాజావారు కూడా గొడుగుతో సహా వచ్చారనీ, దాన్ని నూకాలే విప్పిందనీ లంకలో చెబుతారు. నాకు తెలిసినంతవరకు, సంస్థానం ఉన్నన్నాళ్లూ పెత్తనం కోటలోనే ఉంది, ఎవరూ కాదనలేదు. పెంపకం మాత్రం గువ్వలంకలో ఉంది.

ఆ పొద్దున మాత్రం మాణిక్యమ్మ ఒకరి తర్వాత ఒకరికి నీళ్లు పోస్తూనే ఉంది. కుర్చీలో కూర్చున్న నూకాలు కాళ్లూపి ఊపి విసిగిపోయింది.

"అమ్మా, అందరికీ అయిపోయింది. నాకెప్పుడు తలంటుతావే?"

"నీకేం తొందరే" అంది మాణిక్యమ్మ, దివాన్‌గారి చెవుల వెనక రుద్దుతూ. "నువ్వెక్కడికీ వెళ్లట్లేదుగా."